డీప్ పర్పుల్ ఎక్కడ మొదలుపెట్టాలి: మెషీన్ హెడ్‌తోనా, మేడ్ ఇన్ జపాన్‌తోనా?

మా మేనల్లుడు గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలైంది. మొన్న ఒక వీడియో పంపాడు. తెరవకముందే తెలుసు అందులో ఏముంటుందో. సంగీతం నేర్చుకునే పిల్లలకి సరళీ స్వరాలు ఎలాగో, గిటార్ పట్టినవాళ్ళకి డీప్ పర్పుల్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పాట 'స్మోక్ ఆన్ ద వాటర్' రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస) అలాగ. మా వీధిలో ఒకప్పుడు గిటార్ కొన్న ప్రతివాడూ అదే వాయించాడు. సగంమంది అక్కడితో ఆపేశారు కూడా.

"బానే వాయించావురా. కానీ వాళ్ళ గిటారిస్టు బ్లాక్‌మోర్ దాన్ని పిక్‌తో కొట్టడు. రెండేసి తీగల్ని వేళ్ళతో ఒకేసారి మీటుతాడు. అందుకే ఆ రెండు స్వరాలూ కలిసి పలుకుతాయి" అని రాశాను.

వాడు ఆ మాట పట్టించుకోలేదు. "సరే మామయ్యా, ఈ బ్యాండ్‌ది ఏ ఆల్బమ్ వినాలి? ఒక్కటి చెప్పు, లిస్టు వద్దు" అన్నాడు.

ఒక్కటి చెప్పమనేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. 2024 దాకా లెక్కేస్తే డీప్ పర్పుల్‌వి 23 స్టూడియో ఆల్బమ్‌లు. లైవ్ రికార్డులు, కూర్పులు వీటికి అదనం. పైగా ఈ పేరుతో వాయించింది ఒక్క బ్యాండ్ కాదు. 1968 నుంచి ఇప్పటిదాకా ఇయాన్ పైస్ అనే డ్రమ్మర్ తప్ప మిగతావాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోయినవాళ్ళే. కొందరు వెళ్ళి మళ్ళీ వచ్చారు, వచ్చి మళ్ళీ వెళ్ళారు. అభిమానులు ఈ రాకపోకలకి మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3 అని నంబర్లు వేసుకున్నారు. బండి మోడళ్ళ లెక్కలా ఉంటుంది వినడానికి, కానీ ఆల్బమ్ ఎంచుకోవాలంటే మాత్రం ఆ నంబర్లే పనికొస్తాయి. ఏ నంబర్ బ్యాండ్ అన్నది తెలిస్తే ఎలాంటి పాటలు వినబోతున్నామో సగం తెలిసినట్టే.

మార్క్ 1ని ఇక్కడే పక్కన పెట్టేద్దాం. 1968, 69లలో మూడు ఆల్బమ్‌లు చేశారు. 'హష్' అనే పాట అమెరికాలో పెద్ద హిట్టయింది, చార్టులో 4వ స్థానం దాకా వెళ్ళింది. అయితే ఆ పాట వీళ్ళు రాసుకున్నది కాదు. ఆ మూడు రికార్డుల్లో ఇంకా ఇతరుల పాటలు పాడే కుర్ర బ్యాండే కనిపిస్తుంది. బాగా అభిమానం ముదిరాక వినండి. మొదట అవసరం లేదు.

అసలు కథ 1969లో ఇయాన్ గిలాన్ పాడటానికి, రోజర్ గ్లోవర్ బేస్ వాయించడానికి వచ్చాక మొదలైంది. గిటార్ మీద రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ మీద జాన్ లార్డ్, డ్రమ్స్ మీద పైస్. మార్క్ 2 అంటే ఈ అయిదుగురు. 1970 నుంచి 1973 జనవరి దాకా వీళ్ళు నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు, ఒక లైవ్ ఆల్బమ్ ఇచ్చారు. ఒక్కటే వినదలుచుకున్నవాళ్ళు దాదాపు ఈ అయిదింటిలోంచే ఎంచుకోవాలి. దాదాపు అని ఎందుకన్నానంటే ఆరోది ఒకటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎవర్నడిగినా చెప్పే పేరు 'మెషీన్ హెడ్'. 1972 మార్చిలో వచ్చింది. ఏడు పాటలు, 37 నిమిషాలు. ఆ రికార్డు పుట్టిన కథ వింటే నమ్మబుద్ధి కాదు. 1971 డిసెంబర్‌లో వీళ్ళు స్విట్జర్లాండ్‌లోని మాంత్రో ఊరికి వెళ్ళారు. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న కసీనోలో రికార్డ్ చేసుకుందామని రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో బ్యాండ్ వాళ్ళ మొబైల్ స్టూడియోని, అంటే రికార్డింగ్ సామానంతా ఉన్న లారీని, అద్దెకి తెచ్చుకున్నారు. కసీనో వీళ్ళ చేతికి వచ్చేముందు అక్కడ ఇంకొక్క కచేరీ ఉంది, అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపాది. డిసెంబర్ 4న ఆ కచేరీ నడుస్తుండగా జనంలో ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు. పైకప్పు అంటుకుంది. కసీనో మొత్తం కాలిపోయింది. సరస్సు మీద పరుచుకున్న పొగని వీళ్ళు హోటల్ కిటికీలోంచి చూశారు. కొన్నాళ్ళకి గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ 'స్మోక్ ఆన్ ద వాటర్' అని పైకి అన్నాడు, అదే పాట పేరయింది. పాటంతా ఈ సంఘటన గురించే. ఎవరి కచేరీ, ఏం కాలింది, తర్వాత ఎక్కడికి వెళ్ళారు అన్నీ వరసగా ఉంటాయి. మన బుర్రకథకుడు చెప్పినట్టు జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతాడు గిలాన్.

కసీనో పోయాక ఊళ్ళోనే పెవిలియన్ అనే థియేటర్‌లో వాయించారు. రాత్రిపూట ఆ మోతకి చుట్టుపక్కలవాళ్ళు పోలీసుల్ని పిలిచారు. పోలీసులు తలుపు కొడుతుంటే బ్యాండ్ సామాను మోసే కుర్రాళ్ళు లోపల్నుంచి తలుపు అదిమి పట్టుకున్నారట, టేక్ అయ్యేదాకా. ఆ టేకే 'స్మోక్ ఆన్ ద వాటర్' ట్రాక్. అక్కణ్ణుంచి తరిమేస్తే, చలికాలం కాబట్టి మూసేసి ఉన్న గ్రాండ్ హోటల్‌లో చేరారు. వసారాలో పరుపులు అడ్డంగా పెట్టుకుని మిగతా ఆల్బమ్ పూర్తి చేశారు. రికార్డ్ చేసింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ బయట లారీ దాకా పోవాలి. నాలుగుసార్లు తిరిగాక విసుగొచ్చి వినడమే మానేశారు. బాగా వచ్చిందనిపిస్తే బాగా వచ్చినట్టే.

ఆ బద్ధకం ఆల్బమ్‌కి మేలే చేసింది. మెషీన్ హెడ్‌లో అనవసరమైన నగిషీలు లేవు. 'హైవే స్టార్' మొదలైతే బేస్, డ్రమ్స్ బండి స్టార్ట్ అయినట్టు లేస్తాయి. అందులో బ్లాక్‌మోర్ సోలో అప్పటికప్పుడు తోచింది వాయించింది కాదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త బాక్ ధోరణిలో ముందే కట్టుకుని వచ్చాడు. కృతిలో చిట్టస్వరంలాగా ఒక్క స్వరం మార్చడానికి వీలుండదు. దానికి ముందు లార్డ్ ఆర్గన్ సోలో కూడా అదే దారి. 'పిక్చర్స్ ఆఫ్ హోమ్' ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట. దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. గ్లోవర్‌కి చిన్న బేస్ సోలో దక్కేది అందులోనే. పాట అయిపోయిందనుకుంటాం, మళ్ళీ లేస్తుంది. 'లేజీ'లో ఆర్గన్ మొదట కసరత్తు చేస్తున్నట్టు మూలుగుతుంది, తర్వాత ఊపందుకుంటుంది. 'నెవర్ బిఫోర్' మాత్రం ఓ మోస్తరు. తమాషా ఏమిటంటే బ్యాండ్ నమ్మకం పెట్టుకుని సింగిల్‌గా, అంటే విడిగా చిన్న రికార్డుగా, విడుదల చేసింది ఆ పాటనే. 'స్మోక్ ఆన్ ద వాటర్' సింగిల్‌గా బయటికొచ్చింది ఏడాది తర్వాత, 1973లో. అమెరికాలో 4వ స్థానం.

మరి ఇంత చెప్పాక మెషీన్ హెడ్‌తోనే మొదలుపెట్టమనాలి కదా. కానీ నేను అలా చెప్పను.

1972 ఆగస్టులో వీళ్ళు జపాన్ వెళ్ళారు. 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో కచేరీలు. జపాన్ రికార్డు కంపెనీ వాళ్ళు లైవ్ రికార్డు కావాలన్నారు. బ్యాండ్‌కి పెద్ద ఉత్సాహం లేదు. జపాన్‌లో మాత్రమే అమ్ముకోండి అన్నట్టుగా ఒప్పుకున్నారు. తక్కువ ఖర్చులో పని కానిచ్చేశారు. తర్వాత మిక్సింగ్‌కి, అంటే రికార్డయిన వాద్యాలన్నిటినీ పాళ్ళు చూసి కలిపే పనికి, కూడా గ్లోవర్, పైస్ ఇద్దరే వచ్చారని చెప్పుకుంటారు. అలా ఎవరూ పట్టించుకోని రికార్డు 'మేడ్ ఇన్ జపాన్'. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో విడుదలైంది. డబుల్ ఎల్పీ, ఏడే పాటలు, సుమారు 76 నిమిషాలు.

ఏడు పాటల్లో నాలుగు మెషీన్ హెడ్‌వే. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం తేలిక. 'స్పేస్ ట్రకిన్' స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. జపాన్‌లో అది దాదాపు 20 నిమిషాలు, ఎల్పీలో ఒక పక్కంతా అదే. 'లేజీ' ఏడు నిమిషాలది పది దాటింది. 'స్మోక్ ఆన్ ద వాటర్' అయిదున్నర నుంచి ఏడున్నరకి పెరిగింది. 'హైవే స్టార్' ఒక్కటే ఎక్కువ పెరగలేదు, కానీ వేగం చూడండి. స్టూడియోలో హైవే మీద పోయిన బండి ఇక్కడ బ్రేకులు పీకేసినట్టు పోతుంది.

నిడివి పెరగడం దానికదే గొప్పేమీ కాదు. ఆ రోజుల్లో చాలా బ్యాండ్‌లు పాటని రబ్బరులా సాగదీసి జనాన్ని చంపాయి. ఇక్కడ జరిగేది వేరు. మన కచేరీల్లో విద్వాంసుడు నెరవల్ ఎత్తుకుని ఒక్క పాదాన్నే తిప్పి తిప్పి పాడుతుంటే వయొలిన్ ఆయన వెంటనే అందుకుంటాడు చూడండి, అలాంటి వ్యవహారం. లార్డ్ ఒక ముక్క వాయిస్తాడు, బ్లాక్‌మోర్ దాన్ని ఎగతాళి చేసినట్టు తిప్పి వాయిస్తాడు. పైస్ ఇద్దర్నీ కనిపెట్టుకుని ఉంటాడు. 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్' చివర్లో గిటార్‌కీ గొంతుకీ పోటీ. గిటార్ ఏం వాయిస్తే గిలాన్ అది గొంతుతో పలుకుతాడు, అది ఇంకా పైకి పోతే ఇతనూ పోతాడు. ఎక్కడ ఆగుతారో ఇద్దరికీ తెలిసినట్టుండదు. 'ద మ్యూల్' మొత్తం పైస్‌కి వదిలేసిన తని ఆవర్తనం అనుకోండి. డ్రమ్ సోలో అంటే బాత్రూమ్‌కి వెళ్ళే టైమ్ అనుకునేవాళ్ళు కూడా దీన్ని కూచుని వినొచ్చు.

ఈ రికార్డుతో నాకొక పాత బాకీ ఉంది. మా పెద్దనాన్న కొడుకు దగ్గర ఎల్పీ ఉండేది. దాన్ని తొంభై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఒక్కో పక్క ముప్పావు గంట. మొదటి అయిదు పాటలూ కలిపితే సుమారు 46 నిమిషాలు. అంటే గిటారూ గొంతూ పోటీపడి పైకెక్కి, పాట తిరిగి కిందికి దిగే చోట సరిగ్గా టేపు అయిపోయేది. టక్‌మని ప్లే బటన్ లేచేది. రెండో పక్క పదిహేను నిమిషాలు ఖాళీ. మిగిలిన ఆ నిమిషం అక్కడెక్కించొచ్చు కదా అన్నయ్యా అంటే, తెగిన పాట వింటే ఏం బావుంటుందిరా అన్నాడు. ఆ పాట ఎలా ముగుస్తుందో నాకు సీడీ కొనేదాకా తెలియలేదు. ఇప్పటికీ అక్కడికి రాగానే చెవి ఆ టక్ కోసం చూస్తుంది.

కాబట్టి నా సలహా మేడ్ ఇన్ జపాన్ ముందు, మెషీన్ హెడ్ వెంటనే దాని తర్వాత. ఈ వరసకి కారణముంది. మెషీన్ హెడ్ ముందు విన్నవాళ్ళకి పాటలు నచ్చుతాయి. ఆ తర్వాత లైవ్ వింటే "అసలు పాట బాగానే ఉందిగా, దీన్నెందుకు ఇంత లాగారు" అనిపించవచ్చు. నేను చాలామందిలో చూశాను ఇది. ముందు లైవ్ విన్నవాళ్ళు స్టూడియో రికార్డుకి వెళ్ళినప్పుడు, అంత పెద్ద చెట్టు ఈ విత్తనంలోంచి వచ్చిందా అని ఆశ్చర్యపోతారు. ఒక పాట ఎంత ఒదిగి ఉందో అప్పుడు తెలుస్తుంది.

అయితే అందరికీ ఇది కుదరదు. ఆఫీసుకి పోయే దారిలో అరగంట వినేవాళ్ళు, పాటంటే నాలుగయిదు నిమిషాలు అనుకునేవాళ్ళు, వంట చేస్తూ పక్కన పెట్టుకునేవాళ్ళు మెషీన్ హెడ్‌తోనే వెళ్ళండి. మేడ్ ఇన్ జపాన్‌ని ఫోన్ స్పీకర్‌లో పెట్టి వేరే పని చేసుకుంటే ఏమీ దొరకదు, చప్పుడు తప్ప. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక చెవి వైపు ఆర్గన్, ఇంకో చెవి వైపు గిటార్ విడిగా ఉంటాయి. అప్పుడుగానీ ఆ ఇద్దరి వాదన అర్థం కాదు.

ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది. అన్నిటికన్నా గొప్ప ఆల్బమ్ 'ఇన్ రాక్' అంటారు కదా, దానితో ఎందుకు మొదలుపెట్టకూడదు అని. గొప్పదే. నేనూ ఒప్పుకుంటాను. 1970 జూన్‌లో వచ్చింది, ఇంగ్లండ్ చార్టుల్లో ఏడాదికి పైగా కూర్చుంది. అట్ట మీద అమెరికాలోని రష్‌మోర్ కొండ, అధ్యక్షుల ముఖాల స్థానంలో ఈ అయిదుగురి ముఖాలు. దానికి కొన్ని నెలల ముందే, 1969 సెప్టెంబర్‌లో, వీళ్ళు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి లార్డ్ రాసిన కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద శాస్త్రీయ రచన) వాయించారు. పత్రికలు అది చూసి వీళ్ళు ఆర్కెస్ట్రా బ్యాండ్ అనుకోవడం మొదలెట్టాయి. బ్లాక్‌మోర్‌కి ఒళ్ళు మండింది. వచ్చే రికార్డు మొదటి నుంచి చివరిదాకా గట్టిగా ఉండాలి, లేకపోతే నేను ఆర్కెస్ట్రాలతోనే వాయించుకుంటాను అన్న ధోరణిలో పట్టుబట్టాడు. ఇన్ రాక్ అందుకే అంత కోపంగా ఉంటుంది. 'స్పీడ్ కింగ్' మొదట్లోనే గిటార్‌ని హింసిస్తున్నట్టు ఒక నిమిషం రొద. అది అయ్యాక చర్చిలో వాయించినట్టు ఆర్గన్ నెమ్మదిగా. ఆ వెంటనే మీద పడతారు. అమెరికాలో విడుదల చేసినప్పుడు ఆ మొదటి రొదని కోసేశారు. మీరు వినేటప్పుడు పాట నేరుగా పరుగుతో మొదలైతే అది కోసిన కాపీ అన్నమాట. వేరేది వెతుక్కోండి, ఆ రొద లేకపోతే సగం సరదా లేదు.

ఈ ఆల్బమ్‌లోదే 'చైల్డ్ ఇన్ టైమ్'. పది నిమిషాల పాట. మెల్లగా, దాదాపు జోలపాటలా మొదలై, గిలాన్ గొంతు మెట్టు మెట్టుగా ఎక్కి అరుపుగా మారుతుంది. అమెరికా, రష్యా అణుబాంబులు పెట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ రోజుల భయం ఆ పాటలో ఉంది. ఆ ఆర్గన్ వరస వీళ్ళ సొంతం కాదన్నది కూడా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన 'ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే' అనే బ్యాండ్ 1969లో 'బాంబే కాలింగ్' అనే వాద్య సంగీతం విడుదల చేసింది. అందులో వయొలిన్ మీద ఉన్న వరసని వీళ్ళు ఆర్గన్ మీద నెమ్మదిగా వాయించారు. గిలాన్ ఆ మాట దాచుకోలేదు కూడా. ఆ బ్యాండ్‌వాళ్ళు బదులుగా డీప్ పర్పుల్ పాత వాద్యగీతం ఒకటి తీసుకుని వాడుకున్నారు. లెక్క సరిపోయింది. ఎక్కడి బొంబాయి, ఎక్కడి చైల్డ్ ఇన్ టైమ్! అన్నట్టు, అదే 1970లో వచ్చిన 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' రికార్డులో జీసస్‌గా పాడింది కూడా గిలానే. ఈ గొంతు విన్నాక ఆ పాత్రకి ఇంకెవర్ని పిలుస్తారు?

ఇన్ రాక్‌ని మూడోదిగా వినమనడానికి కారణం దాని రికార్డింగ్. గరుగ్గా ఉంటుంది. స్పీకర్లు చిరుగుతున్నాయేమో అనిపిస్తుంది. పచ్చి ఉల్లిపాయ కొరికినట్టు. అలవాటు పడ్డాక అదే రుచి, మొదటిసారి కళ్ళలో నీళ్ళొస్తాయి. మీరు ఇప్పటికే బ్లాక్ సబ్బత్ లాంటివి వినేవాళ్ళయితే, లేదా ఇప్పటి మెటల్ సంగీతం నుంచి వెనక్కి వస్తున్నవాళ్ళయితే మీకు ఈ హెచ్చరిక అక్కర్లేదు. నేరుగా ఇన్ రాక్‌తో మొదలుపెట్టండి. 'హార్డ్ లవిన్ మ్యాన్' వింటే పదేళ్ళ తర్వాత రాబోయే సంగీతం అప్పుడే వినబడుతుంది.

'ఫైర్‌బాల్' 1971లో వచ్చింది. ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి వెళ్ళిన వీళ్ళ మొదటి ఆల్బమ్ అది. అయినా రెండు పెద్ద కొండల మధ్య పల్లంలా మిగిలిపోయింది. టైటిల్ పాట మొదట్లో వినిపించే హోరు స్టూడియోలో ఏసీ ఆన్ చేసిన చప్పుడు. ఆ తర్వాత పైస్ డ్రమ్స్. మూడున్నర నిమిషాల్లో తుఫాను వచ్చి వెళ్ళిపోతుంది. మిగతాది ఒక్కో పాట ఒక్కో దారి. 'ఎనీవన్స్ డాటర్' పల్లెటూరి అమెరికా పాటలా వేళాకోళంగా ఉంటుంది. గిలాన్‌కి ఈ ఆల్బమ్ ఇష్టం, బ్లాక్‌మోర్‌కి అంతగా పడదు. ఆ భేదం వింటుంటేనే తెలిసిపోతుంది. కొనేవాళ్ళు ఒక్కటి గమనించాలి. బ్రిటిష్ కాపీలో 'డీమన్స్ ఐ' ఉంటుంది, అమెరికన్ కాపీలో దాని బదులు 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్' ఉంటుంది. తర్వాత వచ్చిన పెద్ద ఎడిషన్‌లో రెండూ దొరుకుతాయి.

'హూ డూ వుయ్ థింక్ వుయ్ ఆర్', 1973 జనవరి. 'ఉమన్ ఫ్రమ్ టోక్యో' వినండి, 'ర్యాట్ బ్యాట్ బ్లూ' వినండి, చాలు. అప్పటికి గిలాన్, బ్లాక్‌మోర్ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. ఆ జూన్‌లో ఒసాకా కచేరీ అయ్యాక గిలాన్, గ్లోవర్ వెళ్ళిపోయారు. ఏ ఊళ్ళో అయితే మేడ్ ఇన్ జపాన్ రికార్డ్ చేశారో ఆ ఊళ్ళోనే, ఏడాది తిరక్కుండా.

ఇందాక ఆరోది ఉందన్నాను. అదే 'బర్న్', 1974 ఫిబ్రవరి. గొంతు కోసం పాటలు వినేవాళ్ళకి, అంటే మనలో చాలామందికి, నేను ముందుగా ఇదే ఇస్తాను. మార్క్ 3లో ఇద్దరు గాయకులు. డేవిడ్ కవర్‌డేల్ అప్పటిదాకా ఎవరికీ తెలియని కుర్రాడు, ఇంగ్లండ్ ఉత్తరాన రెడ్‌కార్ అనే ఊళ్ళో బట్టల షాపులో పనిచేసేవాడు. గ్లెన్ హ్యూస్ బేస్ వాయిస్తూ పాడతాడు. ఒకరిది కింది స్థాయిలో బరువైన గొంతు, ఇంకొకరిది పైకి ఎగిరే గొంతు. టైటిల్ పాటలో చరణాలు కవర్‌డేల్ పాడుతుంటే మధ్యలో హ్యూస్ వచ్చి అందుకుంటాడు. వెనక పైస్ పాట పొడుగునా సోలో వాయిస్తున్నట్టే ఉంటాడు, పాడేవాళ్ళు ఉన్నారన్న మొహమాటం కూడా లేదు. 'మిస్‌ట్రీటెడ్'లో కవర్‌డేల్ ఒక్కడే. ఏడు నిమిషాల ఏడుపు పాట, గిటార్ కూడా అతనితో పాటు ఏడుస్తుంది. అట్ట మీద అయిదుగురి తలలూ కొవ్వొత్తుల్లా వెలుగుతుంటాయి. కాస్త భయంగానే ఉంటుంది చూడ్డానికి. ఈ లైనప్‌నే 1974 ఏప్రిల్ 6న కాలిఫోర్నియా జామ్‌లో చూడొచ్చు. బ్లాక్‌మోర్ టీవీ కెమెరాని గిటార్‌తో పొడిచేది, ఆంప్లిఫయర్ పేల్చేది అక్కడే. ఆ వీడియో దొరుకుతుంది, చూడండి.

గిలాన్ అభిమానులు బర్న్‌ని డీప్ పర్పుల్‌గానే ఒప్పుకోరు. నాకు ఆ పట్టుదల అర్థం కాదు. ఆర్గన్, గిటార్, డ్రమ్స్ అవే. అదే ఏడాది చివర్లో వచ్చిన 'స్టార్మ్‌బ్రింగర్' దగ్గర మాత్రం నేనూ కొంచెం వెనక్కి తగ్గుతాను. హ్యూస్‌కి ఇష్టమైన ఫంక్ సంగీతం అందులో ఎక్కువైంది, బ్లాక్‌మోర్ చిరాకుపడి 1975లో వెళ్ళిపోయి రెయిన్‌బో బ్యాండ్ పెట్టుకున్నాడు. కానీ 'సోల్జర్ ఆఫ్ ఫార్చ్యూన్' ఉంది అందులో. మూడు నిమిషాల నెమ్మది పాట. రాక్ అంటే చెవులు మూసుకునే మా అమ్మ కూడా "ఈ అబ్బాయి బాగా పాడాడు" అంది. బ్లాక్‌మోర్ స్థానంలో టామీ బోలిన్ వచ్చి చేసిన 'కమ్ టేస్ట్ ద బ్యాండ్' మంచి రికార్డే, కాకపోతే డీప్ పర్పుల్ కోసం వచ్చినవాళ్ళకి అడ్రస్ తప్పినట్టు ఉంటుంది. 1976లో బ్యాండ్ విడిపోయింది. ఆ డిసెంబర్‌లో బోలిన్ చనిపోయాడు, పాతికేళ్ళవాడు.

ఎనిమిదేళ్ళ తర్వాత 1984లో మార్క్ 2 అయిదుగురూ మళ్ళీ కలిసి 'పర్‌ఫెక్ట్ స్ట్రేంజర్స్' చేశారు. సౌండ్ శుభ్రంగా ఉంటుంది కాబట్టి డెబ్భైల రికార్డింగులు చెవికి పాతవనిపించేవాళ్ళు దీనితో మొదలుపెట్టొచ్చు. టైటిల్ పాటలో ఆ ఆర్గన్ మొదలవడం చాలు డబ్బులు గిట్టడానికి. ఆ తర్వాతి వాటిలో నేను గట్టిగా చెప్పేది 1996 నాటి 'పర్పెండిక్యులర్' ఒక్కటే. బ్లాక్‌మోర్ రెండోసారి, ఆఖరిసారి, వెళ్ళిపోయాక స్టీవ్ మోర్స్ అనే అమెరికన్ గిటారిస్టు వచ్చాడు. పాత బ్లాక్‌మోర్‌లా వాయించడానికి ప్రయత్నించలేదు, అదే అతన్ని కాపాడింది. 'సమ్‌టైమ్స్ ఐ ఫీల్ లైక్ స్క్రీమింగ్' ఆ బ్యాండ్ మొత్తం చరిత్రలో అందమైన గిటార్ వరసల్లో ఒకటి. 2002లో జాన్ లార్డ్ విరమించుకున్నాడు, 2012లో పోయాడు. లార్డ్ లేని ఆల్బమ్‌లు నేను వింటాను, కానీ ఎవరికీ మొదటిదిగా ఇవ్వను.

ఇక ఎడిషన్ల గోల. ఒకే ఆల్బమ్‌ని వార్షికోత్సవం పేరు చెప్పి ప్రతి పదేళ్ళకీ మళ్ళీ అమ్ముతుంటారు. స్ట్రీమింగ్ యాప్‌లో వెతికితే మెషీన్ హెడ్ నాలుగయిదు రకాలుగా కనిపిస్తుంది. మామూలు రీమాస్టర్ (పాత రికార్డింగ్‌నే శబ్దం మెరుగుపరిచి ఇచ్చింది) ఏడు పాటలది వినండి. 1997 ఎడిషన్‌లో గ్లోవర్ చేసిన కొత్త మిక్స్ ఉంది, అందులో ఇంతకుముందు వినబడని చిన్న చిన్న ముక్కలు దొరుకుతాయి, అభిమాని అయ్యాక వినండి. 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్' కూడా ఉందేమో చూసుకోండి. మాంత్రోలోనే రికార్డ్ చేసి, ఆల్బమ్‌లో పెట్టకుండా సింగిల్ వెనక పడేసిన పాట. ఎందుకు వదిలేశారో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2024లో వచ్చిన పెద్ద ఎడిషన్‌కి కొత్త మిక్స్ చేసింది ఎవరో తెలుసా? డ్వీజిల్ జాపా. ఏ కచేరీలో అయితే కసీనో తగలబడిందో ఆ ఫ్రాంక్ జాపా కొడుకు. మేడ్ ఇన్ జపాన్‌కి మూడు రాత్రుల కచేరీలూ పూర్తిగా ఉన్న పెట్టె కూడా వచ్చింది. ఒకే పాటని మూడు రాత్రులు మూడు రకాలుగా వాయించడం వినాలనుకునే నాలాంటి పిచ్చివాళ్ళకి అది పండగే, మిగతావాళ్ళకి డబ్బు దండగ.

మేనల్లుడికి ఇదంతా రాయలేదు. "మేడ్ ఇన్ జపాన్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను" అని మాత్రం రాశాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు రాత్రి మెసేజ్.

"మామయ్యా, స్మోక్ ఆన్ ద వాటర్ మొదట్లో ఆయనే రిఫ్ తప్పు వాయించాడు."

నవ్వొచ్చింది. ఆ రాత్రి ఒసాకాలో బ్లాక్‌మోర్ రిఫ్‌ని మామూలుగా ఎత్తుకోడు. తాళం అటూ ఇటూ జరిపి, జనం చప్పట్లు ఎక్కడ పడాలో తెలియక తడబడేలా ఆడిస్తాడు, ఆ తర్వాత అసలు దారిలోకి తెస్తాడు. కావాలని చేసిన కొంటెపని. "మళ్ళీ విను. చప్పట్లు విను, గిటార్ కాదు" అన్నాను.

అరగంట తర్వాత ఇంకో వీడియో వచ్చింది. ఈసారి చేతిలో పిక్ లేదు.